తెప్పకు ఏ మిషను కట్టాలి? జీపీఎస్, ఫిష్ ఫైండరు కొనే ముందు

మత్స్యకార సంక్షేమ పథకాల సమాచారం. వేట నిషేధ కాలంలో తీర గ్రామంలో జరిగిన అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మోటారు తెప్పలు, ఫైబర్ పడవల యజమానుల కోసం. చదివి తోటివారికి పంపండి.



ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట లేదు. వలలు బాగు చేసుకుంటాం, ఇంజను విప్పి చూసుకుంటాం, పడవకు పగుళ్లు ఉంటే పూడ్చుకుంటాం. సరిగ్గా ఈ రోజుల్లోనే మిషన్లు అమ్మేవాళ్లు కూడా సంచీ భుజాన వేసుకుని ఊళ్లోకి దిగుతారు. ఎందుకో మీకు తెలుసు. ‘మత్స్యకారుల సేవలో’ పథకం కింద 20,000 రూపాయలు ఖాతాలో పడేది ఈ నిషేధ కాలానికే. 2025 ఏప్రిల్ 26న ఆ పథకాన్ని మొదలుపెట్టింది మన బుడగట్లపాలెంలోనే. ఆ డబ్బు రెండు నెలలు ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇచ్చినది. అది పట్టుకెళ్లి, ఎలా పనిచేస్తుందో తెలీని డబ్బా మీద పెట్టొద్దు. మిషను కొనొద్దని నేను అనడం లేదు. ఏది ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి, మన పడవకు ఏది అతుకుతుంది, ఈ మూడూ తెలుసుకుని కొనండి అంటున్నాను.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు. “సార్, మా వోడు వేరావల్ నుంచి వస్తన్నాడు. అక్కడ బోటులో ఉన్నలాంటి పెద్ద స్క్రీను తెస్తానంటన్నాడు. మన తెప్పకి కట్టీమంటారా?” మంచి ప్రశ్న. ఈ పూట నేను చెప్పేదంతా దానికి జవాబే అనుకోండి. మనవాళ్లు వేరావల్ వెళ్తారు, మంగుళూరు వెళ్తారు, పారాదీప్ వెళ్తారు. అక్కడ పెద్ద ట్రాలర్ల మీద పనిచేసి, ఆ స్క్రీన్లు చూసి వస్తారు. చూసినది బాగుంటుంది. కాని ఆ బోటు హార్బరులో నీళ్ల మీదే ఉంటుంది, దాని ఇంజను ఎప్పుడూ బ్యాటరీని ఛార్జి చేస్తూనే ఉంటుంది, వీల్‌హౌస్ లోపల మిషనుకు తడి తగలదు. మన పడవ అలలు దాటి వెళ్లాలి, అలలు దాటి రావాలి, ఇసుక మీద ఈడ్చాలి. రెండింటికీ పోలికేటి?

ముందు తిరిగి రావడం

చేపలు దొరకడం కన్నా ముందు మనిషి ఇంటికి రావాలి. అందుకని మొదటి రూపాయి జీపీఎస్‌కు, రెండో రూపాయి ఫిష్ ఫైండరుకు. ఇది నా గట్టి అభిప్రాయం. రెండూ కలిసిన సెట్టు కొన్నా సరే, ముందు జీపీఎస్ భాగం నేర్చుకోండి.

2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్లిన మన రెండు జిల్లాల వాళ్లను పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. సముద్రంలో సరిహద్దు దాటారన్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టేదాకా, ఇక్కడ వాళ్ల ఇళ్లలో ఎలా గడిచిందో నేను చెప్పక్కర్లేదు. ఆ కథ మీద ‘తండేల్’ సినిమా కూడా వచ్చింది, అందరూ చూశారు. సినిమా బాగుంది. కాని సినిమాలో లేని మాట ఒకటుంది. సముద్రం మీద గీత గీసి ఉండదు. గీత మిషనులోనే ఉంటుంది. అటు బంగ్లాదేశ్ నీళ్లలోకి పోయి పట్టుబడిన విజయనగరం జిల్లా వాళ్ల సంగతీ మీరు విన్నారు.

అంత దూరం మనం పోం అంటారు. సరే. ఇంజను ఆగిపోతే? మన తీరాన నీళ్లు ఏడాదిలో కొన్నాళ్లు ఉత్తరానికి లాగుతాయి, అక్టోబరు తర్వాత దక్షిణానికి తిరుగుతాయి. ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. రాత్రి ఇంజను చెడితే తెల్లారేసరికి ఎక్కడ ఉంటామో చెప్పలేం. అప్పుడు ఫోను అందితే ఒడ్డుకు చెప్పాల్సిన మాట ఒక్కటే, ‘ఇక్కడ ఉన్నాం’ అని. ఆ ‘ఇక్కడ’ అనేది అంకెల్లో చెప్పగలిగితే కోస్ట్ గార్డ్ నేరుగా వస్తుంది. చెప్పలేకపోతే వెతుక్కుంటూ వస్తుంది. కోస్ట్ గార్డ్ ఆపద నంబరు 1554. దాన్ని ఫోనులోనే కాదు, పడవ లోపలి వైపు పెయింటుతో కూడా రాయించండి. ఫోను తడిసిపోతే పక్క పడవ వాళ్ల ఫోనుతో చేయాలి కదా, అప్పుడు నంబరు ఎవరికి గుర్తుంటుంది?

డబ్బు పెట్టక్కర్లేనిది ముందు అడగండి

కేంద్ర ప్రభుత్వం లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం పెట్టింది. 364 కోట్ల రూపాయల పథకం, 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో మొదలుపెట్టారు. పడవ యజమాని ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఇస్రో వాళ్ల జీశాట్-6 ఉపగ్రహం మీద పనిచేస్తుంది కాబట్టి సెల్ టవరు అందని చోట కూడా కబురు పోతుంది, కబురు వస్తుంది. ఆపదలో నొక్కే బటను ఉంటుంది. తుపాను హెచ్చరిక, సరిహద్దు దగ్గరపడిందన్న హెచ్చరిక వస్తాయి. ఫోనులో ‘నభ్‌మిత్ర’ యాప్ వేసుకుని బ్లూటూత్‌తో కలుపుకుంటే ఆ కబుర్లు ఫోనులోనే చదువుకోవచ్చు.

దీన్ని కొందరు ‘మనల్ని కనిపెట్టే డబ్బా’ అని భయపడి తీసి ఇంట్లో పెడుతున్నారని విన్నాను. అయ్యా, 2018లో తిత్లీ తుపాను మన వజ్రపుకొత్తూరు వైపు ఒడ్డు దాటింది, ఎంత నష్టం చేసిందో చూశాం. అలాంటి రోజున మీరు ఎక్కడున్నారో ఎవరికో ఒకరికి తెలియడం మీకు మంచిదా, చెడ్డదా? ఇంట్లో గోడకు తగిలిస్తే దాని వల్ల ప్రయోజనం లేదు. పడవకు రిజిస్ట్రేషన్ ఉండి ఇంకా ఇది రాకపోతే, మీ సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి గాని, జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో గాని అడగండి. మిషను దుకాణానికి వెళ్లే ముందు ఈ పని చేయండి. ఉచితంగా వచ్చేదాని కోసం అప్పు చేయడం ఎందుకు?

ఇంకో హెచ్చరిక. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మీద మెసేజ్ పంపే విదేశీ సెట్లు ఎవరైనా చవగ్గా తెస్తామంటే తీసుకోవద్దు. అనుమతి లేకుండా అవి మన దేశంలో నిషిద్ధం. పోలీసు కేసు అవుతుంది. మామూలు జీపీఎస్‌కు, ఫిష్ ఫైండరుకు ఆ ఇబ్బంది లేదు.

జీపీఎస్ ఎలాంటిది

తెప్ప మీద, చిన్న ఫైబర్ పడవ మీద చేతిలో పట్టుకునే జీపీఎస్సే మేలు. పడవ ఒడ్డెక్కాక జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు. బటన్లు ఉన్నదే తీసుకోండి. చేతికి ఉప్పునీళ్లు, చేప పొలుసులు ఉన్నప్పుడు వేలితో తాకే స్క్రీను మాట వినదు. నీళ్లలో పడితే తేలే రకం దొరుకుతుంది, అదైతే ఇంకా మంచిది. మామూలు పెన్సిల్ బ్యాటరీలు పడే రకమైతే ఊళ్లో కొట్లోనే దొరుకుతాయి. నీటి రక్షణకు ‘ఐపీఎక్స్7’ అని పెట్టె మీద ఉందా చూడండి. ఒక మీటరు మంచినీళ్లలో అరగంట ఉన్నా పాడవదని దాని అర్థం. మంచినీళ్లు అన్నాను, గమనించండి. మన ఉప్పునీళ్లు తగిలితే రోజూ తీపినీళ్లతో తుడవాల్సిందే.

“ఫోనులోనే జీపీఎస్ ఉంది కదా సార్” అంటారు కుర్రాళ్లు. ఉంది. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. కాని మ్యాపు ముందే దింపుకుని ఉండాలి, ఎండలో స్క్రీను కనబడదు, మధ్యాహ్నానికి ఛార్జి అయిపోతుంది. ఫోనును రెండోదిగా ఉంచుకోండి, మొదటిదిగా వద్దు.

కొన్న రోజే చేయాల్సిన పని, మీ రేవును గుర్తు పెట్టుకోవడం. పేరు తెలుగులో పడకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఇల్లు’ అని పెట్టుకోండి. కుర్రాళ్లు పెడతారు. మనిషి నీళ్లలో పడితే ఆ చోటు వెంటనే గుర్తుపెట్టే బటను చాలా సెట్లలో ఉంటుంది. దాన్ని తండేలు ఒక్కడే కాదు, పడవలో అందరూ నేర్చుకోవాలి. పడిపోయేది తండేలే అయితే?

మన పెద్దలకు మిషను లేనిరోజుల్లో గుర్తులు కొండలు, తాటిచెట్లు, లైట్‌హౌసులు. మహేంద్రగిరి శిఖరాన్ని ఒడ్డున ఇంకో గుర్తుతో వరసలో పెట్టి, అడ్డంగా ఇంకో వరస చూసుకుని, రెండూ కలిసిన చోట వల వేసేవారు. జీపీఎస్ చేసేదీ అదే పని. కొండల బదులు ఉపగ్రహాలు, అంతే. అందుకని పెద్దవాళ్లకు తెలిసిన రాళ్లచోట్లు, వల చిక్కే చోట్లు ఉన్నాయి కదా, ఈసారి వేటకు వెళ్లినప్పుడు వాళ్లను తీసుకెళ్లి ఒక్కొక్కటీ మిషనులో గుర్తు పెట్టుకోండి. చింతపల్లి ఎదురుగా నీళ్లలో రాళ్లు ఉన్నాయి. ఓడలు వాటికి తగలకుండా శాంతపల్లి లైట్‌హౌసు కట్టారు. అక్కడి వాళ్లకు ప్రతి రాయీ తెలుసు. ఆ తెలివి వాళ్లతో పోకూడదు. ఒక్క వల చిక్కి చిరగకుండా ఉంటే చాలు, జీపీఎస్ ఖర్చులో ఎంత తిరిగొస్తుందో మీరే లెక్కేయండి.

ఒక్క చోట మాత్రం జీపీఎస్ మాట వినొద్దు. అది మొగ. వంశధార కళింగపట్నం దగ్గర, చంపావతి కోనాడ దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి. మొగల్లో ఇసుక మేటలు వరదకు, తుపానుకు మారిపోతుంటాయి. పోయిన ఏడాది దారి స్క్రీను మీద గీతగా ఉన్నా, ఈ ఏడాది అక్కడ దిబ్బ ఉండొచ్చు. అక్కడ కళ్లే నమ్మాలి.

ఇంకో ఉపయోగం కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలదే. మర పడవలు వచ్చి మీ వలలు కోసుకుపోతే, ‘అక్కడెక్కడో’ అని ఫిర్యాదు చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ చోటు అంకెలు, తేదీ, గంట చెబితే అది రాసుకునే ఫిర్యాదు అవుతుంది.

అంకెలు తప్పితే పదిహేను కిలోమీటర్లు

ఇది కాస్త ఓపిగ్గా వినండి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని కేంద్ర సంస్థ ఉంది. సముద్రం పైనీటి వేడిని, నీటిలో పచ్చదనాన్ని ఉపగ్రహాలతో చూసి, చేపలు చేరే అవకాశం ఉన్న చోట్లు చెబుతుంది. తెలుగులోనే ఇస్తుంది, ఉచితం. మబ్బు ఎక్కువగా ఉన్న రోజుల్లో, నిషేధ కాలంలో ఉండదు. రేవు పేరు, అక్కడి నుంచి ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు, చివర అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. ఆ అంకెలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇస్తారు.

మీ జీపీఎస్ మాత్రం వేరే పద్ధతిలో పెట్టి ఉండొచ్చు. ఉదాహరణకు 18 డిగ్రీల 20 నిమిషాల 30 సెకన్లు అని వచ్చిందనుకోండి. కళింగపట్నం వైపు అంకె అది. మీ మిషను డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు అడిగే పద్ధతిలో ఉంటే 18 డిగ్రీల 20.500 అని కొట్టాలి. ఎందుకంటే 30 సెకన్లంటే అర నిమిషం. అలా కాకుండా 20.30 అని కొడితే సుమారు 370 మీటర్లు పక్కకు పోతారు. అదీ ఫర్వాలేదు. మిషను ఉత్త డిగ్రీల పద్ధతిలో ఉండి, మీరు 18.2030 అని కొట్టారో, ఇంకేముంది, 15 కిలోమీటర్లు దక్షిణానికి తేలతారు. పోను 15 కిలోమీటర్లు, రాను 15 కిలోమీటర్లు. డీజిలు అయిపోయాక ‘ఇన్‌కాయిస్ వాళ్లు చెప్పింది అబద్ధం’ అనుకుంటారు. తప్పు సెట్టింగుది.

సెట్టింగులో డిగ్రీ, నిమిషం, సెకను పద్ధతి ఎంచుకోండి. దాని పక్కనే ‘డబ్ల్యూజీఎస్ 84’ అని ఉందా చూడండి. ఊళ్లో ఇంటర్ చదివే పిల్ల ఎవరైనా ఐదు నిమిషాల్లో చేసేస్తుంది. దుకాణంలో అయితే వాళ్ల చేతే చేయించుకుని కదలండి. ఒక నిమిషం అక్షాంశం అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, తప్పు పడినప్పుడు మీకే అనుమానం వస్తుంది.

ఫిష్ ఫైండరు చేపలను వెతకదు

ఇప్పుడు అసలు మిషను. పేరు ఫిష్ ఫైండరు. కాని అది చేసే పని, నీళ్లలో ఉన్న బిళ్ల నుంచి కిందకు శబ్దం పంపించి, తిరిగొచ్చే చప్పుడు వినడం. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. 30 మీటర్ల లోతుకు పోయి రావడానికి సెకనులో పాతిక వంతు చాలు. ఆ టైమును బట్టి లోతు చెబుతుంది, చప్పుడు బలాన్ని బట్టి కింద బురదా రాయా చెబుతుంది, మధ్యలో ఏదైనా ఉంటే చుక్కగానో వంపుగానో గీస్తుంది.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. అది పడవ కిందనే చూస్తుంది. ముందు చూడదు, పక్కకు చూడదు. చుట్టూ తిప్పి చూసే అసలైన సోనార్ వేరే ఉంది. అది పెద్ద రింగు వలల బోట్లకు, లక్షల ఖరీదు. దుకాణంలో ‘సోనార్’ అని రాసి ఉన్నంత మాత్రాన అది చుట్టూ చూస్తుందని అనుకోకండి.

కింద ఎంత వెడల్పు చూస్తుంది? 200 కిలోహెర్ట్జ్ బిళ్ల సాధారణంగా సన్నటి కిరణం వేస్తుంది. 20 డిగ్రీల కిరణమైతే 30 మీటర్ల లోతులో, అంటే 16 బారల్లో, నేల మీద 10 మీటర్ల వెడల్పు. 50 కిలోహెర్ట్జ్ కిరణం వెడల్పు ఎక్కువ. 45 డిగ్రీలైతే అదే లోతులో 25 మీటర్లు. వెడల్పు ఎక్కువైతే మంచిదే కదా అంటారు. కాని అంత వెడల్పులో చేప ఎక్కడుందో తెలీదు, బొమ్మ అలుక్కుపోతుంది. 50 బాగా లోతుకు పోయేవాళ్లకు. 30 బారల లోపు వేట చేసేవాళ్లకు 200 చాలు. ‘చిర్ప్’ అని రాసి ఉంటే, ఒక్క స్వరం కాకుండా కింది నుంచి పై దాకా స్వరాలు వరసగా పంపుతుందని అర్థం. దగ్గర దగ్గరగా ఉన్న చేపలను విడివిడిగా చూపిస్తుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే అదే తీసుకోండి. పక్కలకు ఫొటోలా చూపించే ‘సైడ్ స్కాన్’ రకానికి మాత్రం డబ్బు పోయకండి. దాని బిళ్ల పొడుగ్గా ఉంటుంది, మొదటి అలకే పోతుంది.

వాట్ల దగ్గర మోసం ఉంటుంది, జాగ్రత్త. ఒకడు 300 వాట్లు అంటాడు, పక్కవాడు అదే ధరకు 2,400 వాట్లు అంటాడు. రెండూ ఒకటే! మొదటివాడు ‘ఆర్‌ఎంఎస్’ లెక్కలో చెబుతున్నాడు, రెండోవాడు ‘పీక్ టు పీక్’ లెక్కలో. రెండోదాన్ని 8తో భాగిస్తే మొదటిది వస్తుంది. ‘ఆర్‌ఎంఎస్ ఎంత?’ అని ఒక్క మాట అడగండి. తెలీదు అన్నవాడి దగ్గర కొనొద్దు. మనం చెప్పుకున్న లోతులకు 200 నుంచి 300 ఆర్‌ఎంఎస్ వాట్లు చాలు.

స్క్రీను చదవడం వచ్చాక కొన్నదానికి విలువ. కుడివైపు అంచే ఇప్పుడు. ఎడమకు జరిగిపోయినదంతా అయిపోయినది. స్క్రీను మధ్యలో చేపల గుంపు కనబడి మీరు వల ఎత్తేసరికి, పడవ దాన్ని దాటి వచ్చేసి ఉంటుంది. జీపీఎస్ కలిసి ఉన్న సెట్టులో అయితే ఆ చోటుకు వెనక్కి వెళ్లొచ్చు, రెండూ కలిసిన సెట్టు లాభం అక్కడే ఉంది. పడవ ఆపి ఉన్నప్పుడు చిన్న చేప కిందనే నిలబడితే పొడుగాటి గీత వస్తుంది. అది చూసి ‘అబ్బో, ఎంత పెద్ద చేపో’ అనుకోవద్దు. గీత పొడుగు, అది ఎంతసేపు ఉందో చెబుతుంది, ఎంత పెద్దదో చెప్పదు. చేప బొమ్మలు వేసి చూపించే సెట్టింగు ఒకటుంటుంది. దాన్ని ఆపేయండి. బుడగ వచ్చినా, చెత్త వచ్చినా, చేప బొమ్మే వేస్తుంది. గట్టి నేల మీద, తక్కువ లోతులో, నేల కింద ఇంకో నేల కనబడుతుంది. 10 మీటర్లకు ఒకటి, 20 మీటర్లకు ఒకటి. రెండోది ప్రతిధ్వని, అది లేదు.

ఏవి కనబడతాయి? లోపల గాలితిత్తి ఉన్న చేపలు బాగా కనబడతాయి, ఎందుకంటే శబ్దం గాలికి తగిలి గట్టిగా తిరిగొస్తుంది. కవళ్ల లాంటివి గుంపు కట్టినప్పుడు మబ్బులా వస్తుంది. సొర, టేకు లాంటివాటికి గాలితిత్తి లేదు, సరిగ్గా కనబడవు. నేలకు అంటుకుని ఉండే రొయ్య అసలే కనబడదు. రొయ్యల వల, పీతల వల మీదే బతికేవాళ్లు చేపలు చూద్దామని ఇది కొనకండి. నేల ఎలా ఉందో, ఎక్కడ బురద ఆగి రాయి మొదలైందో చూద్దామంటే కొనండి, అది పనికొస్తుంది. ఒడ్డు దగ్గర లాగుడు వల వేసేవాళ్లకు దీనితో పనే లేదు.

మన పడవకు బిళ్ల ఎక్కడ కట్టాలి

డబ్బులు తగలబడేది ఎక్కువగా ఇక్కడే. అడుగుకు చిల్లు పెట్టి బిగించే రకం హార్బరు బోట్లకు. ఇసుక మీద ఈడ్చే పడవకు పెడితే నాలుగు రోజులు ఉండదు, పైగా చిల్లు మిగులుతుంది. వెనక చెక్కకు స్థిరంగా బిగిస్తే ఒడ్డెక్కేటప్పుడు ఇసుకలో గుచ్చుకుని విరుగుతుంది.

“లోపలే అడుగుకు అంటించీమంటన్నాడు సార్, చిల్లు అక్కర్లేదంట” అని ఇంకొకరు అడిగారు. అదీ ఒక పద్ధతే. కాని ఫైబరు ఒక్క పొరగా గట్టిగా ఉంటేనే శబ్దం దాటుతుంది. మన ఫైబర్ తెప్పలకు మునిగిపోకుండా లోపల నురుగు నింపుతారు. నురుగు అంటే గాలి. గాలిని శబ్దం దాటదు. ఎంత ఖరీదు మిషను పెట్టినా చీకటే. అంటించే ముందు పరీక్ష ఉంది. ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, బిళ్ల అందులో పెట్టి, పడవ అడుగు మీద ఆనించి లోతు చూడండి. తర్వాత బిళ్లను బయట నీళ్లలో ముంచి చూడండి. రెండు లోతులూ ఒకటిగా వస్తే అంటించుకోవచ్చు. రాకపోతే వద్దు.

మన తెప్పకు అన్నిటికన్నా మేలైన పద్ధతి చవకైనదే. గట్టి వెదురు బొంగు గాని, సన్నటి ఇనుప పైపు గాని తీసుకుని, చివర బిళ్ల బిగించి, పడవ పక్కన పైకీ కిందకీ దిగేలా కట్టుకోండి. వల లాగే వైపు కాకుండా ఎదురువైపు కట్టాలి. ఇంజను ఫ్యానుకు దూరంగా ఉండాలి, లేకపోతే బుడగలు తప్ప ఏమీ కనబడవు. నీళ్లలో అడుగు లోతు మునగాలి. అలలు దాటాక దించుతారు, ఒడ్డుకొచ్చే ముందు పైకి తీసేస్తారు. వైరు పొడుగు సరిపోతుందా అని కొనేటప్పుడే చూసుకోండి. మధ్యలో కోసి అతికితే ఉప్పు ఎక్కి పోతుంది.

బ్యాటరీ సంగతి. తాడు లాగి స్టార్టు చేసే మన ఇంజన్లలో చాలావాటికి బ్యాటరీ ఛార్జి చేసే ఏర్పాటు ఉండదు. కాబట్టి ఇంటి దగ్గర ఛార్జి చేసి పట్టుకెళ్లాలి. మందు కొట్టే స్ప్రేయర్లలో, ఇళ్ల యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగైదు అంగుళాల స్క్రీనుకు ఐదారు గంటలు వస్తుంది. పూర్తిగా దిగిపోయేదాకా వాడితే ఆ బ్యాటరీ ఎన్నాళ్లో ఉండదు. అందుకే పెద్ద స్క్రీను వద్దంటున్నాను. ఎనిమిది, పది అంగుళాలది పెడితే ఎండకు దానికి వెలుగు ఎక్కువ పెట్టాలి, మధ్యాహ్నానికి బ్యాటరీ ఖాళీ. పాజిటివ్ వైరుకు చిన్న ఫ్యూజు తప్పకుండా పెట్టండి. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో బ్యాటరీ పెట్టి, డబ్బాను పడవకు కట్టేయండి.

వేరావల్ తమ్ముడికి జవాబు దొరికిందనుకుంటాను. పెద్ద స్క్రీను వద్దు. నాలుగైదు అంగుళాలది, జీపీఎస్ కలిసినది, బటన్లు ఉన్నది, బొంగుకు కట్టుకునేది. గార్మిన్, ఫురునో, ఒన్వా లాంటి పేర్లు మీరు వింటుంటారు. పేరు కన్నా ముఖ్యం, విశాఖలోనో మనకు దగ్గర్లోనో రిపేరు చేసేవాడు ఉన్నాడా, బిళ్ల ఒక్కటే విడిగా దొరుకుతుందా అన్నది. స్క్రీను కన్నా ముందు పోయేది బిళ్లే.

సబ్సిడీ మాట

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పడవల భద్రతా కిట్లకు, సమాచార పరికరాలకు సాయం పెట్టారు. వాటా జనరల్, బీసీ వారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం. మిగతాది మనం పెట్టుకోవాలి. కాని ప్రతి ఏడాదీ ప్రతి జిల్లాకూ ఎన్ని యూనిట్లు, కిట్‌లో ఏ వస్తువులు అన్నది ఆ ఏడాది ఆర్డరులో ఉంటుంది. మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఏడాది మన జిల్లాకు యూనిట్లు ఉన్నాయా? కిట్‌లో జీపీఎస్, ఫిష్ ఫైండరు ఉన్నాయా? సొమ్ము నా ఖాతాలో పడుతుందా, వస్తువే ఇస్తారా?

ముందు కొనేసి, తర్వాత బిల్లు పట్టుకెళ్లి సబ్సిడీ ఇమ్మంటే కుదరదు. మంజూరు కాగితం చేతికి వచ్చాకే కొనాలి. ‘మీ సబ్సిడీ నేను తెప్పిస్తాను, అడ్వాన్సు ఇవ్వండి’ అని ఊళ్లోకి వచ్చేవాడికి రూపాయి ఇవ్వకండి. పడవ రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మత్స్యకార గుర్తింపు కార్డు, సొసైటీ సభ్యత్వం కాగితాలు జెరాక్సు తీసి ఒక కవరులో పెట్టుకోండి. డీజిలు సబ్సిడీ, లీటరుకు 9 రూపాయలది, దానికీ ఆ రిజిస్ట్రేషనే ఆధారం. రిజిస్ట్రేషను లేని పడవకు ఏ పథకమూ అందదు, ట్రాన్స్‌పాండరు కూడా అందదు.

సొంత డబ్బుతో కొనేవాళ్లు జీఎస్టీ బిల్లు తీసుకోండి, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించండి. చేపలు కొనే వ్యాపారి ‘నేను కొనిపెడతాను, సరుకు నాకే వెయ్యి’ అంటే ఆలోచించండి. మిషను ఖరీదు ఒక్కటే చూడకండి, కిలోకు ఆయన తగ్గించి ఇచ్చే ధరను ఏడాది మీద లెక్క వేయండి. అక్కా, ఈ లెక్క మీరు వేయండి, వీళ్లు వేయరు. మార్కెట్లో ఏ చేప ఎంత పలుకుతుందో మీకే బాగా తెలుసు.

డీజిలు లెక్క కూడా అంతే. వెతుకులాట తగ్గి రోజుకు రెండు లీటర్లు మిగిలాయనుకుంటే, నెలలో 20 రోజుల వేటకు 40 లీటర్లు. మిషను ధరను దానితో భాగించండి, ఎన్ని నెలలకు తిరిగొస్తుందో తెలుస్తుంది. ఆ మిగులు రాదనిపిస్తే, మీ వేట రకానికి అది అక్కర్లేదేమో. ఇద్దరు ముగ్గురు పడవల వాళ్లు కలిసి ఒకటి కొని, ఒక సీజను చూసి, తర్వాత ఎవరికి వారు కొనుక్కోవచ్చు. బొంగుకు కట్టినది కాబట్టి ఒక పడవ నుంచి ఇంకో పడవకు మార్చడం పది నిమిషాల పని.

మైకు ఇక కట్టేద్దాం. జీపీఎస్ ఉన్నవాళ్లు ఇంటికెళ్లి పట్టుకురండి, ఆ నిమిషాలు, సెకన్ల సెట్టింగు ఒక్కొక్కటీ చూసి సరిచేద్దాం. తర్వాత ఫైబర్ తెప్ప ఒకటి నీళ్లలోకి తోయిస్తే, నీళ్ల సంచి పెట్టి ఆ పరీక్ష చేసి చూపిస్తాను.